పన్నెండు పాయింటు రెండు

బ్యాటరీ ఎందుకు చస్తుందని నన్నడిగితే ఒక్క ముక్కలో చెబుతాను. వాడేవాడి కక్కుర్తి వల్ల చస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. లారీలవీ, ట్రాక్టర్లవీ, ఇళ్ళల్లో ఇన్వర్టర్లవీ, నా బల్ల ఎక్కని బ్యాటరీ ఈ చుట్టుపక్కల లేదు. బిరడాలు విప్పి లోపలికి చూస్తే ప్లేట్లు ఉప్పు పట్టినట్టు తెల్లగా గడ్డకట్టి ఉంటాయి. అడుగంటా ఊడ్చి వాడేసి, వారాల తరబడి ఖాళీగా పడేసి, చచ్చాక మోసుకొచ్చి "నిన్నటిదాకా బాగానే ఉందండీ" అంటారు. బాగానే ఉంటుంది మరి, మనిషైనా పోయే ముందురోజు దాకా బాగానే ఉంటాడు అని కసిరి పంపేవాణ్ణి. ఎదురుగా ఉన్నప్పుడు నన్ను బ్యాటరీ డాక్టరంటారు. నాలుగడుగులు వెయ్యగానే నోటిదూలగాడంటారు. రెండూ నిజమే.

నా వైద్యమంతా ఒకే మాట. సగానికి మించి తియ్యకు. సగం దగ్గర ఆపుకుంటే బ్యాటరీ పదేళ్ళు బతుకుతుంది, అడుగుదాకా తాగితే రెండేళ్ళకే పోతుంది. ఎంతమందికి నెత్తీ నోరూ బాదుకుని చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అందుకని కనీసం నా ఇంట్లో ఆ మాటకు తిరుగులేకుండా చూసుకున్నాను. ఎలా చూసుకున్నానో, దానివల్ల ఏమైందో చెబుతాను.

మా ఇల్లు ఊరి చివర కొత్తగా వేసిన వీధుల్లో ఉంది. కొత్తగా అంటున్నాను గానీ మూడేళ్ళయింది. కరెంటు స్తంభాలు పాతారు, తీగలు లాగలేదు. అడిగితే ఇదిగో అంటారు, అదిగో అంటారు. "పోనీలేరా, కాకులు కూర్చోవడానికైనా పనికొస్తున్నాయి" అనేది మా అక్క. అందుకని మా మేడ మీద సోలార్ పలక ఒకటి పెట్టాను. పెద్దదేం కాదు, తలుపు రెక్కలో సగం ఉంటుంది, వంద వాట్లు. అక్కణ్ణించి తీగ కిటికీలోంచి అక్క గదిలోకి దిగి, గోడమీది కంట్రోలర్ డబ్బాలోకి వెళుతుంది. డబ్బా కింద బల్ల, బల్ల కింద బ్యాటరీ, పక్కనే చిన్న ఇన్వర్టరు.

ఆ డబ్బా చేసే పని రెండు రకాలు. ఎండ బాగా కాసినప్పుడు బ్యాటరీకి ఎంత తినిపించాలో చూసుకుని, నిండగానే ఆపుతుంది. ఇటు మనం వాడుకునేటప్పుడు బ్యాటరీ బాగా దిగిపోతే, ఎర్ర లైటు వెలిగించి తనంతట తనే కరెంటు కట్ చేస్తుంది. ఎన్ని వోల్టుల దగ్గర కట్ చెయ్యాలో ఆ అంకె మనమే పెట్టుకోవచ్చు. చేసినవాళ్ళు పదకొండు దగ్గర పెట్టి పంపుతారు. పదకొండంటే బ్యాటరీకి ప్రాణం గొంతులోకి వచ్చినట్టే. నేను మీట నొక్కి నొక్కి దాన్ని పన్నెండు పాయింటు రెండుకు పెంచాను. అంటే, సగం మిగిలి ఉండగానే ఆగిపోతుందన్నమాట. ఆగాక మళ్ళీ ఎండ తగిలి కాస్త నిండితే గానీ ఇవ్వదు. పెట్టిన రోజున ఆ అంకె చూసుకుని నాకు నేనే భుజం తట్టుకున్నాను.

మా అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. పదహారేళ్ళు బస్సు కండక్టరుగా చేసింది. ఎంత కిక్కిరిసిన బస్సులోనైనా ఆవిడ గొంతు డ్రైవరుదాకా వినబడేది. తాగి గొడవ చేసినవాణ్ణి కాలరు పట్టుకుని దింపేసి "రైట్ రైట్" అనేసే మనిషి. నా నోటికి ఊరంతా జడిసినా ఆవిడ మాత్రం, "ఒరే, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. నీకు ఊరే లేకుండా పోతుందిరా" అని నవ్వేది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారే, అదీ మా అక్క. నాకు పెళ్ళయి ఆర్నెల్లు నిలిచింది. నా భార్య నా అరుపులు పడలేక పుట్టింటికి వెళ్ళిపోతే, అక్క నన్ను ఓదార్చలేదు సరికదా, ఆ పిల్లే తెలివైందని మెచ్చుకుంది.

రెండేళ్ళ కిందట బస్సు మలుపు తిరుగుతుంటే వెనక మెట్టు మీంచి అక్క కిందపడింది. వెన్నెముక విరిగింది. నడుం కింది నుంచి స్పర్శ లేదు. ఎడమ భుజం కూడా దెబ్బతినడంతో తనంతట తను పక్కకు తిరగలేదు. కుడి చెయ్యి ఒక్కటే శుభ్రంగా పనిచేస్తుంది. ఆస్పత్రిలో గట్టి మంచం మీద కదలకుండా ఉన్న నెలలోనే తోకెముక దగ్గర పుండు పడింది. ఇంటికొచ్చేటప్పటికి అరచెయ్యంత ఉంది.

అలాంటివాళ్ళకు గాలి పరుపని ఒకటుంటుంది. అడ్డంగా గొట్టాలు గొట్టాలుగా ఉంటుంది. మంచం కాళ్ళవైపు అన్నం డబ్బా అంత పంపు తగిలిస్తే, అది ఒక గొట్టం విడిచి ఒక గొట్టానికి గాలి కొడుతుంది. పది నిమిషాలకు వీటిని వదిలి వాటిని నింపుతుంది. అలా ఒంట్లో ఏ చోటా ఎక్కువసేపు నలగకుండా చూస్తుంది. పంపు తినే కరెంటు చిన్న బల్బుకంటే ఎక్కువేమీ కాదు, కానీ ఇరవై నాలుగు గంటలూ తింటుంది, దాన్ని నడిపే ఇన్వర్టరు దాని వాటా అది తింటుంది. పలక ఇచ్చేదీ ఇవి తినేదీ సరికి సరి. మిగిలేది ఒక లైటుకూ, అక్క ఫోనుకూ.

ఏడు నెలలు పట్టింది ఆ పుండు మానుదలకు రావడానికి. ప్రతి శుక్రవారం నర్సమ్మ వచ్చి, పుల్లకు దూది చుట్టి లోతు చూసి, చీటీమీద రాసుకునేది. అరచెయ్యంత ఉన్నది బొటనవేలంత అయింది, తర్వాత మిరియం గింజంత. "ఇంకో మూడు వారాలు ఇలాగే కాపాడుకుంటే కుర్చీలో కూర్చోవచ్చమ్మా. మళ్ళీ గనక నలిగిందా, ఈసారి ఎముకదాకా పోతుంది. జాగ్రత్త" అని ఒకటికి పదిసార్లు చెప్పింది.

కుర్చీలో కూర్చోవడం అంటే మా అక్కకు ఉత్త కూర్చోవడం కాదు. డిపో మేనేజరు ఆవిడ కోసం విచారణల కిటికీ దగ్గర ఉద్యోగం అట్టిపెట్టాడు. చక్రాల కుర్చీ పట్టేలా బల్ల కూడా కోయించాడు. మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు బయల్దేరుతుందో చెప్పాలి. ఒకటో తారీఖున చేరాలి. డాక్టరు కూర్చోవచ్చని రాసిస్తే చాలు. అక్క అప్పుడే మొదలెట్టేసింది. పొద్దున్నే నేను పళ్ళు తోముకుంటుంటే లోపల్నించి, "మూడో నంబరు దగ్గర ఆగి ఉన్న బస్సు మరి కొద్ది నిమిషాల్లో బయల్దేరును! పళ్ళు తోముకునేవారు త్వరపడవలెను!" అని అరిచేది.

డబ్బా మీద అంకె చదివే డ్యూటీ కూడా ఆవిడదే. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే, "పన్నెండు పాయింటు ఎనిమిదీ! దిగేవాళ్ళు ముందుకు రండి!" అనేది. ఇన్నాళ్ళ తర్వాత మళ్ళీ ఇంట్లో ఆ గొంతు వినబడుతుంటే నా ప్రాణం లేచొచ్చేది. ఆ మాట ఎప్పుడూ ఆవిడతో అనలేదు.

ఇక్కడ ఇంకొకటి చెప్పాలి. డబ్బా పక్కన పాత స్విచ్ ఒకటి బిగించాను. కిందికి ఉంటే కరెంటు డబ్బా ద్వారా వస్తుంది. పైకి వేస్తే డబ్బాతో పనిలేకుండా నేరుగా బ్యాటరీ నుంచే వస్తుంది. డబ్బా ఎప్పుడైనా చెడిపోతే అవసరానికని పెట్టింది. అక్క దగ్గర ఒక చేతికర్ర ఉంటుంది, పడ్డ వస్తువులు లాక్కోవడానికి, కిటికీ తలుపు తొయ్యడానికి. ఆ కర్రతో స్విచ్ అందుతుంది.

ఎండాకాలంలో ఒక రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి బల్ల మీద చిన్న ఫ్యాను తిరుగుతోంది. డబ్బా మీద పదకొండు పాయింటు ఆరు. స్విచ్ పైకి ఉంది. పొద్దుట్నించీ మబ్బేసి మధ్యాహ్నం డబ్బా కట్ చేస్తే, అక్క కర్రతో స్విచ్ పైకి తోసి, ఫ్యాను కూడా వేసుకుని హాయిగా పడుకుంది. నాకు తిక్క రేగింది. నేను జనానికి చెప్పే ఒకే ఒక్క మాట నా ఇంట్లోనే చెల్లకపోతే ఎలా అని రేగింది.

"ఎవరు ముట్టుకోమన్నారు దాన్ని?" అన్నాను.

"ఉక్కపోసిందిరా. కాసేపే" అంది అక్క.

"కాసేపా? పదకొండు ఆరు! ఒక్క పూటలో ఏడాది ఆయుష్షు తినేశావు దానిది! నెత్తీ నోరూ బాదుకుని చెబుతున్నానా లేదా? కాళ్ళే పోయాయనుకున్నా, బుర్ర కూడా పోయిందా?"

అలా అన్నాను. నా నోటితోనే అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి గుర్తులేవు, ఇది గుర్తుంది. మామూలుగా అయితే అక్క చేతికందిన గ్లాసు తీసి విసిరేది. నా తాతలు దిగొచ్చేలా తిట్టేది. నేను దానికోసమే చూశాను కూడా. కానీ ఆవిడ కర్రను మంచం పక్కకు ఆనించి పెట్టి, "సరేరా. ఇంక ముట్టుకోను" అంది. అంతే.

మర్నాడు నాలుగు పళ్ళు తెచ్చి మంచం పక్కన పెట్టాను. తప్పయిపోయిందనే మాట నాకు చేతకాదు. ఆవిడ పళ్ళు తింది, మామూలుగానే మాట్లాడింది. కానీ ఆ రోజునుంచి అంకె చదివేటప్పుడు "పన్నెండు పాయింటు ఆరు" అని ఊరుకునేది. దిగేవాళ్ళను పిలవడం మానేసింది. పోనీలే, ఇన్నాళ్ళకు అక్కకు బుద్ధొచ్చింది అనుకున్నాను. చూడండి నా తెలివి!

ఒకటో తారీఖు ఇంకా పన్నెండు రోజులుందనగా ముసురు పట్టింది. మొదటిరోజు పన్నెండు పాయింటు ఆరు ఉంది. లైటు బంద్ చేసి కొవ్వొత్తి పెట్టాను. రెండోరోజు పన్నెండు నాలుగు. ఎండ ఊసే లేదు, పలక మీద వాన చుక్కలు తప్ప. అక్క ఫోను షాపులో చార్జి చేసుకొస్తానని జేబులో వేసుకెళ్ళి, తీసుకొచ్చి ఇచ్చాను. మూడోరోజు పొద్దున్నే అక్క తల తిప్పి చదివింది.

"ఒరే, పన్నెండు పాయింటు మూడు. ఇవాళ ఆగిపోదూ?"

"సాయంత్రందాకా లాగుతుంది. కంగారు పడకు" అన్నాను చెప్పుల్లో కాలు పెడుతూ.

"ఒకవేళ ఆగితే?"

"ఆగితే దానంతటదే వస్తుంది, కాస్త వెలుగు తగిలితే చాలు. అయినా ఒంటిగంటకి నేనొస్తాగా నిన్ను తిప్పడానికి. నువ్వు మాత్రం దేన్నీ ముట్టుకోకు."

ఆవిడ ఫోను ఆ పూట కూడా నా జేబులోనే ఉంది.

ముసురు రోజుల్లో నా షాపు ముందు జనం మామూలుగా ఉండరు. ఊరి చివరి ఇళ్ళన్నీ పలకల మీద బతికేవే. ఎండ లేక అందరి బ్యాటరీలూ ఒకేసారి పడుకుంటాయి. ఒక్కొక్కడూ భుజాన మోసుకుంటూ వచ్చేశాడు. ఒక్కొక్కడికీ క్లాసు పీకాను. "సగం దగ్గర ఆపుకోవాలయ్యా! మా ఇంట్లో చూడు, మూడేళ్ళయింది, ఇవాళ కొన్నట్టుంది. ఎందుకూ? కటాఫ్ ఎక్కడ పెట్టుకున్నాననుకున్నావు?" అని నా అంకె చెప్పి మరీ పొగుడుకున్నాను. ఒంటిగంటకు లేవబోతుంటే నీళ్ళ ట్యాంకరు డ్రైవరు బ్యాటరీ మోసుకొచ్చాడు. బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది, నాలుగు వీధులకు నీళ్ళు లేవు, నువ్విప్పుడు ఇంటికి పోతే లాభం లేదు అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. సరేలే, పరుపుందిగా, ఒక్క పూట అక్కను తిప్పకపోతే ఏమవుతుంది అనుకున్నాను. అక్క ఫోను నా మోచెయ్యి పక్కనే చార్జింగులో ఉంది, నిండుగా.

ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. గేటు తీస్తుండగానే తెలిసింది. మా ఇంట్లో పొద్దస్తమానం పంపు గుర్రుమంటూ ఉంటుంది, ఆ గుర్రు లేదు. గొడుగు అక్కడే పారేసి లోపలికి పరిగెత్తాను. పరుపు చప్పబడి పోయింది. అక్క వెల్లకిలా, చెక్కకు అతుక్కుని ఉన్నట్టు ఉంది. కర్ర ఆవిడ పక్కనే ఉంది, కుడి చెయ్యి దానిమీదే ఉంది.

"వచ్చావా" అంది. "తొమ్మిదిన్నరకి ఆగిందిరా."

ఎదురుగా గోడకు గడియారం ఉంది. ఆవిడ దాన్ని చూస్తూనే పడుకుందన్నమాట. ఏడు గంటలు.

"స్విచ్ వెయ్యకపోయావా అక్కా!" అని అరిచాను. అప్పుడు కూడా అరిచాను.

"నువ్వు ముట్టుకోవద్దన్నావుగా" అంది.

డబ్బా వంక చూశాను. ఎర్ర లైటు వెలుగుతోంది. అంకె పన్నెండు పాయింటు మూడు. కరెంటు వాడేది ఏదీ లేకపోయేసరికి కాస్త తేరుకుని పొద్దుటి అంకెకే వచ్చింది. లోపల సగం బ్యాటరీ నిక్షేపంలా ఉంది. ఇంకో రోజున్నర పంపు నడిచేది. డబ్బాలో దోషం లేదు, బ్యాటరీలో దోషం లేదు. నేను ఏం చెయ్యమన్నానో డబ్బా అదే చేసింది. అక్కా అదే చేసింది. స్విచ్ పైకి కొట్టాను, పంపు గుర్రుమంది. 

ఆవిణ్ణి మెల్లగా పక్కకు తిప్పి చూశాను. మిరియం గింజంత మచ్చ చుట్టూ అరచెయ్యంత మేర చర్మం కమిలి నేరేడు రంగు తిరిగింది. ఆవిడకు నొప్పి తెలియదు. "ఎలా ఉందిరా?" అని అడిగింది. "కొంచెం ఎర్రబడింది" అన్నాను.

నర్సమ్మను మర్నాడే పిలిపించాను. ఆవిడ వేలితో నొక్కింది, నొక్కినచోట రంగు తెల్లబడలేదు. ఇంకోసారి నొక్కింది. "లోపల కండ చచ్చిపోయింది. నాలుగు రోజుల్లో పైకి తేలుతుంది" అని, నావైపు తిరిగి, "గాలి ఎన్ని గంటలు లేదండీ? ఎందుకు ఆగింది?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోగా అక్క అందుకుంది. "మబ్బమ్మా. మూడ్రోజులుగా ఎండ లేదు కదా. సోలార్ మీద బతికేవాళ్ళం, ఎవరేం చేస్తారు?"

తెరిచిన నోరు మూసేశాను. ఊరందరి తప్పులూ ఏకరువు పెట్టే నోరు, నాది చెప్పాల్సి వచ్చేసరికి పెగల్లేదు.

ఆరోరోజుకు అక్కణ్ణి ఆస్పత్రిలో చేర్చాం. నల్లబడ్డదంతా కోసి తీశారు. ఎముక కనబడింది. ఒకటో తారీఖున డిపోలో మైకు ముందు ఉండాల్సిన మనిషి, ఆ రోజు వార్డులో బోర్లా పడుకుని ఉంది. జ్వరం నూట మూడు. నేను బయట మెట్లమీద కూర్చున్నాను. నర్సమ్మ డ్యూటీ అక్కడే, మెట్లెక్కుతూ నన్ను చూసి ఆగింది. ఇంక ఉండబట్టలేక అంతా చెప్పేశాను. అంకె పెంచింది నేనే, స్విచ్ ముట్టుకోవద్దని తిట్టింది నేనే, ఫోను పట్టుకుపోయింది నేనే, బ్యాటరీ సగం నిండి ఉంది, మబ్బు కాదు అని చెప్పాను. ఆవిడ అంతా విని, "నాకెందుకు చెబుతున్నారు? లోపలికెళ్ళి ఆవిడకు చెప్పండి" అంది.

వెళ్ళి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అక్క ముఖం దిండులో ఓ పక్కకు ఉంది. చెప్పడం మొదలెట్టాను, నాలుగు మాటలకే ఆపేసింది.

"తెలుసులేరా. రోజూ అంకె చదివేదాన్ని నేనేగా. సగం ఉందని నాకు తెలీదా?"

"తెలిసి మరి ఎందుకు వెయ్యలేదే? కర్ర చేతిలోనే ఉందిగా!"

పక్క మంచం మీద ఎవరో దగ్గుతున్నారు.

"రెండుసార్లు ఎత్తానురా కర్ర. పదింటికొకసారి, పన్నెండింటికొకసారి. స్విచ్ దాకా వెళ్ళింది కూడా. నువ్వొచ్చి అంకె చూసి అరుస్తావని భయమేసి దించేశాను. ఒంటిగంటకి వస్తావుగా, అంతవరకు ఓర్చుకుందాం అనుకున్నా. తర్వాత రెండయింది. ఇదిగో వస్తాడు, అదిగో వస్తాడు అనుకుంటూనే ఉన్నా."

భయమట. మా అక్కకు. తాగుబోతుల కాలర్లు పట్టుకున్న మనిషికి, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషికి, నేనంటే భయం. పదిమంది ఉన్న వార్డులో భోరుమని ఏడ్చేశాను.

"తప్పయిపోయిందక్కా" అన్నాను. చేతకాదన్న మాట అప్పుడు వచ్చింది.

"ఊరుకోరా, అందరూ చూస్తున్నారు" అంది అక్క.

రెండున్నర నెలలు ఆస్పత్రిలోనే ఉన్నాం. జ్వరం తగ్గింది. ఎముకకు పట్టిన చీము తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది, మళ్ళీ తగ్గింది. బతికించగలిగాం గానీ, కూర్చోవడం సంగతి ఈ ఏడాదికి మర్చిపొమ్మన్నారు డాక్టరు. వచ్చే ఏడాది మాట ఏమిటని అడిగితే కాగితాలు సర్దుకున్నారు. డిపో మేనేజరు ఒకరోజు చూడ్డానికొచ్చి, చేతులు నలుపుకుంటూ, కిటికీ ఎన్నాళ్ళో ఖాళీగా ఉంచలేకపోయామని చెప్పాడు. "మంచి పనే చేశారు సార్. జనానికి బస్సులు తెలియొద్దూ" అంది అక్క. ఆయన వెళ్ళాక గోడవైపు తల తిప్పుకుంది.

ఇంటికి తీసుకురావడానికి రెండు రోజుల ముందు నేనొక్కణ్ణే వచ్చి డబ్బా ముందు నిలబడ్డాను. మీట నొక్కి అంకె దించుతూ పోయాను. పన్నెండు, పదకొండున్నర, పదకొండు. అంతకంటే దిగనంది. అది కూడా వద్దనిపించి, పంపును నడిపే ఇన్వర్టరు తీగను డబ్బాలోంచి ఊడబీకి నేరుగా బ్యాటరీకే కలిపేశాను. ఇరవై రెండేళ్ళలో ఎవరికీ అలా చెయ్యమని చెప్పలేదు. మేడ మీద ఇంకో పలక బిగించాను. షాపు సామాను ఇంటి ముందు గదిలోకి మార్చేసుకున్నాను. ఇప్పుడు నా పనంతా ఇక్కడే, అక్క పిలిస్తే వినబడేంత దూరంలో.

అక్కను తెచ్చి బోర్లా పడుకోబెట్టాక ఆవిడ చేతికి కర్ర ఇచ్చి చెప్పాను. "ఇంట్లో ప్రతి స్విచ్చూ నీదే. లైటు వేసుకో, ఫ్యాను వేసుకో, పొద్దస్తమానం పాటలు పెట్టుకో. బ్యాటరీ చస్తే చావనీ, నా దగ్గర వంద ఉన్నాయి. ఎవర్నీ అడక్కు."

"సరేరా" అంది.

మొన్న మధ్యాహ్నం ఎండ పేలిపోతోంది. పదకొండు గంటలకే బ్యాటరీ నిండిపోయింది. డబ్బా ఇంక వద్దంటూ పలకనుంచి వచ్చే కరెంటును ఆపేసింది. వచ్చేదంతా వృథాగా పోతోంది. నేను ముందు గదిలో ఎవరిదో బ్యాటరీకి నీళ్ళు పోస్తున్నాను. లోపల్నించి అక్క పిలిచింది. ఒకప్పటి గొంతు కాదు, మెల్లగా.

"ఒరే, ఉన్నావా? ఫ్యాను వేసుకోనా?"

చేతిలో సీసా పక్కన పెట్టి గుమ్మం దాకా వెళ్ళాను. కర్ర చేతిలోనే ఉంది. ఫ్యాను స్విచ్ ఎదురుగానే ఉంది. ఆవిడ స్విచ్ వంక చూడటం లేదు, నా ముఖం వంక చూస్తోంది.

"వేసుకో అక్కా" అన్నాను. "నన్నడగొద్దని చెప్పానా?"

"చెప్పావురా" అంది. కర్ర చాచి ఫ్యాను వేసుకుంది. నేను వచ్చి పనిలో కూర్చున్నాను.

పావుగంట కాకుండానే మళ్ళీ పిలిచింది.

"ఒరే, ఇంకాసేపు ఉంచుకోనా?"